ఫ్యాన్ ఆపిన తరువాత

రాత్రి పదిన్నర దాటాక మా ఇంట్లో ఫ్యాన్ ఆగిందంటే నేను గిటార్ తీశానని అందరికీ తెలుసు. కాకినాడలో మే నెలలో ఫ్యాన్ ఆపడం అంటే ఏమిటో ఆ ఉక్కపోత ఎరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కానీ మైకుకి మన చెవికున్న ఓర్పు లేదు. మనం రోజంతా వింటూ మరిచిపోయిన ఫ్యాన్ చప్పుడును మైకు మరిచిపోదు. తీగ మీటిన తరువాత నాదం సన్నగిల్లి ఆరిపోయే చోట చివరికి ఆ రెక్కల గాలే మిగులుతుంది. అందుకని చెమట పట్టినా సరే, ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, ఒళ్లో గిటార్ పెట్టుకుని రికార్డు బటన్ నొక్కుతాను.

పగలు నాకు ఆఫీసు ఉద్యోగం. గిటార్ రాత్రిపూట సంగతి. ఇవాళ్టి నా మాటలు నాలాగే ఇష్టం కొద్దీ అకౌస్టిక్ గిటార్ పట్టుకున్నవాళ్ల కోసం. వాయించింది రికార్డు చేసుకుంటే బాగుండునని అనుకుని, కంప్యూటర్లో ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలో తేలక అక్కడే నిలబడిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ అక్కడ దాదాపు ఏడాది నిలబడ్డాను. ఒకటి వేయడం, తీసేయడం, ఇంకొకటి వేయడం. ఆ ఏడాదిలో ఒక్క పాట పూర్తికాలేదు. ఇప్పటికీ ఆ ఏడాది తలుచుకుంటే బాధగా ఉంటుంది.

అందులోంచి నన్ను బయటపడేసింది మా మేనకోడలు. మా అక్క కూతురు. డాలస్‌లో ఉంటుంది. చిన్నప్పుడు పదేళ్లు సంగీతం నేర్చుకుంది, పెళ్లి, ఉద్యోగం, పిల్లలు, వీటి మధ్య పాట పక్కకు పోయింది. ఒకరోజు ఫోన్ చేసి, "మామయ్యా, నేను పాడి పంపిస్తాను, నువ్వు గిటార్ వాయించి కలుపుతావా?" అని అడిగింది. "పంపించు తల్లీ" అన్నాను. ఆ ఒక్క మాటతో నాకు ఏం కావాలో తేలిపోయింది. ఆమె గొంతు ఒక ట్రాకులో ఉండాలి. దాన్ని హెడ్‌ఫోన్లో వింటూ నేను వాయించే గిటార్ ఇంకో ట్రాకులో పడాలి. రెండూ ఒకే లయలో కూర్చోవాలి. కావాలంటే మూడో ట్రాకులో ఇంకో గిటార్. అంతకుమించి నాకు అక్కర్లేదు. అక్కర్లేదని తెలియకపోవడం వల్లే ఏడాది పోయింది.

ఒకటి వింటూ ఇంకొకటి దాని మీద రికార్డు చేసే ఈ పద్ధతి వెనక కూడా ఒక గిటారిస్టే ఉన్నాడు. లెస్ పాల్ అనే అమెరికన్. 1940ల్లో హాలీవుడ్‌లో తన ఇంటి గ్యారేజీలో, ముందు డిస్కుల మీద, తరువాత టేపు మీద, తన గిటార్ మీద తనే మళ్లీ గిటార్ వాయించి కలుపుకున్నాడు. 1957లో యాంపెక్స్ కంపెనీ ఆయనకు ఎనిమిది ట్రాకుల టేపు యంత్రం తయారుచేసి ఇచ్చింది. అప్పట్లో అది మామూలు మనిషి కొనగలిగే వస్తువు కాదు. 1979లో టాస్కామ్ వాళ్లు మామూలు క్యాసెట్ మీదే నాలుగు ట్రాకులు రికార్డు చేసే పోర్టాస్టూడియో తెచ్చాక ఆ సౌకర్యం ఇళ్లలోకి వచ్చింది.

ఆ పెట్టె గురించి ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే నా ఆలోచన మొత్తం మారింది దాంతోనే. 1982 మొదట్లో గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలో కోల్ట్స్ నెక్ అనే ఊళ్లో ఒక అద్దె ఇంట్లో ఉన్నాడు. పడకగదిలో ఆ పోర్టాస్టూడియో పెట్టుకుని, రెండు మామూలు మైకులు, అవి కూడా వేదికల మీద వాడే ఎస్‌ఎం-57 మైకులు, పెట్టుకుని, అకౌస్టిక్ గిటార్‌తో పాటలు రికార్డు చేశాడు. తన బృందానికి వినిపించడానికి నమూనాగా చేసుకున్న క్యాసెట్ అది. తరువాత స్టూడియోలో బృందంతో కలిసి అవే పాటలు ప్రయత్నించారు. ఆ పడకగదిలో ఉన్న ఒంటరితనం స్టూడియోలో రాలేదు. చివరికి ఆ క్యాసెట్టే 'నెబ్రాస్కా' అనే ఆల్బమ్‌గా అదే ఏడాది విడుదలైంది. నాలుగే ట్రాకులు. ఇవాళ మీరు ఉచితంగా దించుకునే ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఆ పెట్టె కంటే ఎన్నో రెట్లు సమర్థమైనది. కాబట్టి "ఏది శక్తిమంతమైనది" అనే ప్రశ్నతో అకౌస్టిక్ గిటార్ వాయించేవాడికి పని లేదని నా అభిప్రాయం. పాట మనసులో మెదిలిన క్షణానికీ, రికార్డు బటన్ నొక్కే క్షణానికీ మధ్య ఎంతసేపు పడుతోంది? నేను చూసేది అదొక్కటే.

ఈ కొలతతో చూస్తే, మీ దగ్గర ఆపిల్ కంప్యూటరో ఐఫోనో ఉంటే మీరు ఎక్కడా వెతకనక్కర్లేదు. గరాజ్‌బ్యాండ్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. 2002లో ఆపిల్ కంపెనీ లాజిక్ అనే పెద్ద సాఫ్ట్‌వేర్ చేసే జర్మన్ సంస్థ ఇమాజిక్‌ను కొంది, 2004లో గరాజ్‌బ్యాండ్ విడుదల చేసింది. తెరవగానే గిటార్ బొమ్మ కనిపిస్తుంది, ఎర్ర చుక్క కనిపిస్తుంది. చాలు.

మనలో ఎక్కువమందికి ఉన్నది విండోస్ ల్యాప్‌టాప్, ఆండ్రాయిడ్ ఫోన్. విండోస్ వాళ్లు మొదట విని ఉండే పేరు ఆడాసిటీ. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టిన పని అది. 2000లో విడుదలైంది. ఉచితం, సోర్స్ కోడ్ కూడా బహిరంగం. ఒక్క గిటార్, ఒక్క మైకు, మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపులో వాయించే పద్ధతి మీదైతే ఆడాసిటీ హాయిగా సరిపోతుంది. చేతికి నోట్‌బుక్ దొరికినట్టు ఉంటుంది. అయితే దాని స్వభావం టేపు కత్తిరించి అతికించే బల్ల లాంటిది. చాలాకాలం దాంట్లో గది మోత తెచ్చే రివర్బ్ లాంటిది వేస్తే అది నేరుగా ఆ శబ్దం మీదే ముద్రపడిపోయేది. వింటూ మార్చుకునే వీలు 2022లో వచ్చిన 3.2 వెర్షన్‌తో వచ్చింది. ఒకే పాటను ఆరుసార్లు వాయించి, ఒక టేకులోంచి పల్లవి, ఇంకో టేకులోంచి చరణం ఏరుకునే పని నాది. అందుకని నేను వేరే దారి చూసుకున్నాను.

నేను స్థిరపడింది రీపర్ దగ్గర. దాని వెనక ఉన్న మనిషి పేరు చెబితే ఒక తరం శ్రోతలు వెంటనే గుర్తుపడతారు. ఇరవై అయిదేళ్ల క్రితం ఇంటర్నెట్ సెంటర్లలో కూర్చుని మనం ఎంపీ3 పాటలు విన్న విన్‌యాంప్ గుర్తుందా? అది రాసిన జస్టిన్ ఫ్రాంకెలే రీపర్‌ను కూడా మొదలుపెట్టాడు. అరవై రోజులు అన్ని సదుపాయాలతో వాడి చూడనిస్తారు. ఆ తరువాత సొంత వాడకానికి లైసెన్సు 60 డాలర్లు, అంటే ఐదు వేల రూపాయల పైచిలుకు. ఒకసారి కొంటే రెండు ప్రధాన వెర్షన్ల వరకు వస్తుంది. నెలనెలా కట్టే బాధ లేదు. ఫైలు చాలా చిన్నది, పాత ల్యాప్‌టాప్ మీద కూడా అలసట లేకుండా నడుస్తుంది. మొదటి వారం దాని మెనూలు చూసి భయం వేస్తుందన్న మాట నిజమే. నేను ఆ మెనూల్లో నూటికి తొంభై ఇప్పటికీ తెరవలేదు. రెండు ట్రాకులు పెట్టి, వాటికి పేర్లు రాసి, సిద్ధంగా ఉండే ఒక టెంప్లేట్ చేసుకున్నాను. ల్యాప్‌టాప్ తెరిస్తే అదే వస్తుంది.

ఆండ్రాయిడ్ ఫోన్ తప్ప ఇంకేమీ లేని పిల్లలు బ్యాండ్‌ల్యాబ్ వాడుకోవచ్చు. ఉచితం. ట్రాకు మీద ట్రాకు వేసుకోవచ్చు. లైనక్స్ వాడేవాళ్లకు ఆర్డర్ ఉంది, రీపర్ కూడా దాని మీద నడుస్తుంది. పేర్ల గురించి ఇంతే చెబుతాను. ఏది ఎంచుకున్నా ఆరు నెలలు దాన్ని వదలకండి.

ఇక్కడినుంచి అసలు విషయం. కొత్తవాళ్లు రికార్డింగ్ వదిలేయడానికి నేను చూసిన మొదటి కారణం సాఫ్ట్‌వేర్ పేరు కాదు, ఆలస్యం. లేటెన్సీ అంటారు. మీరు తీగ మీటుతారు. ఆ శబ్దం కంప్యూటర్లోకి వెళ్లి, తిరిగి హెడ్‌ఫోన్లోకి వచ్చేసరికి కాస్త ఆలస్యమవుతుంది. కంప్యూటర్ శబ్దాన్ని చుక్కచుక్కగా కాకుండా చెంబుల లెక్కన తీసుకుంటుంది. ఆ చెంబు పేరు బఫర్. సీడీ పద్ధతిలో సెకనుకు 44,100 నమూనాలు తీస్తాం. చెంబు పరిమాణం 1,024 నమూనాలు అనుకుంటే అది నిండడానికే 23 మిల్లీ సెకన్లు పడుతుంది. లోపలికి ఒకటి, బయటికి ఒకటి, మొత్తం 46. గాలిలో ధ్వని ఒక మిల్లీ సెకనులో సుమారు 34 సెంటీమీటర్లు వెళుతుంది. అంటే మీ గిటార్ మీకు దాదాపు పదహారు మీటర్ల దూరంలో మోగుతున్నట్టు! మృదంగం వాయించే ఆయన్ను సభ చివరి వరుసలో కూర్చోబెట్టి పాడితే తాళం నిలుస్తుందా? వేళ్లు తడబడతాయి. "నాకు లయ లేదు" అనుకుని గిటార్ గోడకు తగిలించేస్తారు. తప్పు వాళ్లది కాదు.

బఫర్‌ను 128కి తగ్గిస్తే ఆ దూరం రెండు మూడు మీటర్లకు దిగుతుంది. పక్కన కూర్చున్నట్టే. విండోస్‌లో ఇది కుదరాలంటే ఆసియో అనే డ్రైవర్ కావాలి. క్యూబేస్ తయారుచేసే స్టైన్‌బర్గ్ కంపెనీ 1990ల్లో దాన్ని తెచ్చింది. మైకు తగిలించే ఆడియో ఇంటర్‌ఫేస్ కొంటే దాని తయారీదారే ఆ డ్రైవర్ ఇస్తాడు. ఇంకా తేలిక దారి ఒకటుంది. చాలా ఇంటర్‌ఫేస్‌ల మీద డైరెక్ట్ మానిటర్ అనే మీట ఉంటుంది. అది వేస్తే మీ గిటార్ కంప్యూటర్ దాకా వెళ్లిరాకుండా నేరుగా మీ హెడ్‌ఫోన్లోకి వస్తుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాకు వినిపించడం ఆపేయాలి, లేకపోతే రెండుసార్లు వినిపిస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలని నన్నడిగినవాళ్లలో సగం మందికి నేను చెప్పిన జవాబు ఈ మీటే. మిక్సింగ్ చేసేటప్పుడు మళ్లీ బఫర్ పెంచుకోండి, ల్యాప్‌టాప్ ఊపిరి పీల్చుకుంటుంది.

మన సంగీతం వాయించేవాళ్లు ఇంకో రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి తాళం. మెట్రోనోమ్ ఏ సాఫ్ట్‌వేర్‌లో అయినా మామూలుగా నాలుగు దెబ్బలు కొడుతుంది. ఆది తాళానికి ఇబ్బంది లేదు. కానీ మిశ్ర చాపు వాయించాలంటే ఏడు దెబ్బలు కావాలి, అందులో మూడు, నాలుగు విడివిడిగా తెలియాలి. మొదటి దెబ్బ, నాలుగో దెబ్బ గట్టిగా పడకపోతే ఆ నడక రాదు. రీపర్‌లో ఏ దెబ్బ గట్టిగా పడాలో మనమే రాసుకోవచ్చు. మీరు ఎంచుకునేదాంట్లో ఆ వీలుందో లేదో మొదటిరోజే పరీక్షించండి. తాళం లేకుండా ఆలాపనలా వాయించేటప్పుడు మెట్రోనోమ్ మొత్తంగా ఆపేయండి.

రెండోది గమకం. శ్రుతి సరిదిద్దే ప్లగిన్లు ఇప్పుడు చాలా వచ్చాయి. వాటి లెక్కలో స్వరం అంటే ఒక మెట్టు, గొంతు ఆ మెట్టు మీదే నిలబడాలి. మా మేనకోడలు పాడిన తోడి రాగంలో గాంధారం నిలబడదు, ఊగుతుంది. ఆ ఊపే ఆ స్వరం. ఒకసారి సరదాకి ఆ ప్లగిన్ వేసి చూశాను. రాగం చచ్చిపోయింది. గిటార్‌లోనూ అంతే, ఫ్రెట్ మీద తీగను పక్కకు లాగి మనం తెచ్చే జారుడును అది తప్పుగా లెక్కిస్తుంది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ పాశ్చాత్య వాయిద్యం మీద గమకం పలికించడం కోసం జంట తీగల చోట ఒంటి తీగలు పెట్టుకున్నారు. వాయిద్యాన్నే మార్చి సాధించినదాన్ని ఒక బటన్‌తో చదును చేయకండి. నా దగ్గర ఆ ప్లగిన్ ఇప్పుడు లేదు.

శబ్దం గురించి కూడా చెప్పాలి. సాఫ్ట్‌వేర్ మార్చినంత మాత్రాన శబ్దం మారదు. రీపర్‌లో రికార్డు చేసినా ఆడాసిటీలో చేసినా వచ్చిన శబ్దం ఒకటే. అది మైకు దగ్గరే నిర్ణయమైపోతుంది. గిటార్‌లో నాదం రంధ్రంలోంచే వస్తుందని అనుకుని చాలామంది మైకు అక్కడ పెడతారు. ఆ రంధ్రం దగ్గర గాలి బుంగలా మోగుతుంది, మంద్రం ఉబ్బిపోతుంది. మైకును పన్నెండో ఫ్రెట్ ఎదురుగా ఒక జానెడు, జానెడున్నర దూరంలో పెట్టండి. కాస్త రంధ్రం వైపు తిప్పండి. అక్కడినుంచి ఒక్కో అంగుళం జరుపుతూ వినండి. గంట పట్టినా పరవాలేదు. గదిలో పరుపు, దుప్పట్లు, బట్టలు నిండిన బీరువా ఉంటే గోడల మోత తగ్గుతుంది. అందుకే నేను హాల్లో కాక పడకగదిలో వాయిస్తాను. తీగలు కొత్తవి వేయండి. మా సముద్రపు గాలికి అవి నెల తిరక్కుండానే తుప్పుపడతాయి, తుప్పు తీగకు ఏ ఈక్వలైజరూ మెరుపు తేలేదు. హెడ్‌ఫోన్లో సన్నటి గుయ్యిమనే రొద వస్తుంటే ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడండి. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో చాలాసార్లు ఆ రొద అక్కడే ఆగిపోతుంది.

లెవెల్ కూడా చూసుకోవాలి. మీటరు ఎర్రగా కొట్టేదాకా పెంచాలనుకోవడం టేపు కాలం అలవాటు. 24 బిట్లలో రికార్డు చేస్తే నిశ్శబ్దానికీ గట్టి శబ్దానికీ మధ్య కావలసినంత చోటుంటుంది. గట్టిగా స్ట్రమ్మింగ్ చేసినప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర తగిలేలా పెట్టుకుంటే హాయి. చెడిపోయిన శిఖరాన్ని తిరిగి తేలేం, తక్కువగా ఉన్నదాన్ని పెంచుకోగలం. ఇలా చేస్తే ఒక మైకు ట్రాకు నిమిషానికి ఎనిమిది మెగాబైట్లకు కొంచెం తక్కువ తింటుంది. ఇవాళ్టి హార్డ్‌డిస్కులకు అదొక లెక్క కాదు.

డిస్కు అంటే గుర్తొచ్చింది, దాచుకోవడం. నేను కొంతకాలం నెలవారీ చందా కట్టే ఒక సాఫ్ట్‌వేర్ వాడాను. పేరు చెప్పను. చందా ఆగిన నెల నుంచి నా పాత పాటలు తెరుచుకోలేదు. నా ఇంట్లో, నా వేళ్లతో వాయించినవి. అందులో మా నాన్నగారు పక్కన కూర్చుని "ఇంకోసారి వాయించరా" అన్న గొంతు కూడా ఉంది. మళ్లీ డబ్బు కట్టి అవన్నీ బయటికి తీసుకున్నాను.

కంపెనీలు కూడా శాశ్వతం కావు. కేక్‌వాక్ అనే పేరు 1987 నుంచి ఉంది. గిబ్సన్ గిటార్ల కంపెనీ దాన్ని 2013లో కొంది, 2017 నవంబరులో దాని తయారీ ఆపేసింది. ముప్పై ఏళ్లు దాన్ని నమ్ముకున్నవాళ్లు ఒక్కరోజులో దిక్కుతోచని స్థితిలో పడ్డారు. 2018 ఫిబ్రవరిలో బ్యాండ్‌ల్యాబ్ వాళ్లు కొని ఉచితంగా ఇవ్వడం అదృష్టం. ప్రతిసారీ అలా జరగదు. అందుకని పాట అయిపోయిన రోజునే ప్రతి ట్రాకునూ విడివిడిగా వేవ్ ఫైలుగా బయటికి తీయండి. అన్నీ పాట మొదటి సెకను నుంచే మొదలవ్వాలి, గిటార్ మధ్యలో వచ్చినా సరే. అప్పుడు పదేళ్ల తరువాత ఏ సాఫ్ట్‌వేర్‌లో పడేసినా అవి వాటంతటవే సరిగ్గా కలుస్తాయి. వేవ్ 1991 నుంచి ఉన్న పద్ధతి, దాన్ని తెరవలేని సాఫ్ట్‌వేర్ నేను చూడలేదు.

మేము పాటలు పంపుకునేదీ ఇలాగే. ఆమె దగ్గర గరాజ్‌బ్యాండ్, నా దగ్గర రీపర్. మధ్యలో వేవ్ ఫైలు. ఎవరు ఏది వాడుతున్నామో ఒకరినొకరం అడగాల్సిన అవసరమే రాలేదు. ఆమెకు పొద్దున, పిల్లలు బడికెళ్లాక. నాకు రాత్రి, వీధి సద్దుమణిగాక. ఈ రెండేళ్లలో పదకొండు పాటలు పూర్తిచేశాం.

నిన్న పంపిన పాటలో రెండో చరణం ముందు ఆమె ఊపిరి తీసుకున్న చప్పుడు గట్టిగా పడింది. "అది తీసేయి మామయ్యా, బాగాలేదు" అంది. తీసేయడం రెండు క్షణాల పని. నేను తీయలేదు. పద్నాలుగు వేల కిలోమీటర్ల అవతల ఆమె ఊపిరి తీసుకున్నప్పుడే ఇక్కడ నా చెయ్యి లేస్తుంది. ఆ చరణానికి నాకు మెట్రోనోమ్ అక్కర్లేకపోయింది.